తాళ్లపాకవారి జోల

తెలుగునాట పుట్టి పెరిగినవారిలో ‘జో అచ్యుతానంద’ అను జోలపాట చెవిని పడనివారు అరుదు. ఆ పాట ఎవరు కట్టినదని అడిగినచో మాత్రము చిరకాలము చాలమంది తెల్లబోవుచుండిరి. కారణము మిక్కిలి సులభమైనది. కవి తన పేరును చివరి చరణమున పెట్టెను. పాట తుదివరకు పాడినగాని ఆ పేరు బయటపడదు. తుదివరకు పాడవలసిన అవసరము ఏ తల్లికి కలుగును? కృష్ణుడు గోవర్ధనమును గొడుగు పట్టుటయో, కంసుని కూల్చుటయో వచ్చులోపల బిడ్డకు నిద్ర పట్టును. బిడ్డ నిద్రించిన పిమ్మట పాట సాగించు తల్లి లేదు. లేచి దీపము తగ్గించి పనికి పోవును. ఇట్లు తాళ్లపాక అన్నమాచార్యుడు తన పాట నెఱిగిన ఇండ్లలోనే పేరు తెలియనివాడై యుండెను.

ఈ పాట నాకు నాయనమ్మ నోట అబ్బినది. నా చెల్లెలిని నిద్రపుచ్చుటకు ఆమె పాడుచుండగా ఉయ్యాల త్రాడు లాగుట నా పని. అప్పటికి రాగమనగా నేమో తాళమనగా నేమో నే నెఱుగను. పాట అర్థమును సగమే తెలిసెడిది. అయినను తరువాత సభలలోను, రేడియోలోను, గ్రామఫోను పళ్లెములమీదను నేను విన్న సంగీతమంతయు ఆ త్రాడు చేత పట్టుకొని నేర్చిన కొలతతోనే కొలుచుచు వచ్చితిని. ఒకరి అభిరుచిని గూర్చి ఇంత చెప్పనేల యనవచ్చును. కాని ఈ పాట నాయొక్కని సొత్తు కాదు. దీని చరిత్ర చూచినచో, తెలుగువారి సంగీతములో ఏది నిలిచినది, ఏది పోయినది, పోయినదానిని మరల కట్టునపుడు దేనిని ఆధారముగా తీసికొనవలెను అను పెద్ద ప్రశ్నలే ఎదురగును.

ముందుగా ఉయ్యాల మాట. త్రాడు లాగినవారికి ఎవరును చెప్పకయే ఒక సంగతి తెలియును: ఉయ్యాలను తొందరపెట్టుటకు వీలులేదు. దూలమునుండి వ్రేలాడు త్రాటి పొడవును బట్టి దాని నడక ఏర్పడును. రెండు గజముల త్రాడుగల ఉయ్యాల ఒకసారి పోయి తిరిగి వచ్చుటకు మూడు సెకనులకు కొంచెము తక్కువ పట్టును. లోపలి బిడ్డ బొద్దుగా నున్నను బక్కగా నున్నను, మెల్లగా ఊపినను కొంచెము గట్టిగా ఊపినను, ఈ కాలము ఇంచుమించుగా మారదు. త్రాడు పొడవైనచో నెమ్మదించును, కురుచయైనచో వడి హెచ్చును, అంతే. కావున పాడునామె తన పాటను ఉయ్యాలకు సరిపెట్టుకొనవలసినదే గాని ఉయ్యాల ఆమె పాటకు లొంగదు. సంగీతశాస్త్రము కాలప్రమాణమని దేనిని చెప్పునో, దానికి ఇంతకంటె కఠినుడైన గురువు నాకు మరల దొరకలేదు.

ఇక పాట నడక. ఇది ఐదైదు మాత్రల తునకలుగా సాగును. తాళము తెలిసినవారు ఖండచాపు అందురు. రెండును మూడును కలిసిన ఐదు. ఉయ్యాల పోవునప్పుడొక తునక, వచ్చునప్పుడొక తునక సరిగా ఇముడును. నాలుగు మాత్రల నడకయైనచో సిపాయిల కవాతువలె సమముగా అడుగులు పడును. దానితో బిడ్డను ఎత్తుకొని తిరుగవచ్చును గాని ఊపుట కష్టము. ఐదింటిలో ఒక చిన్న ఒరుగు కలదు. మొదటి రెండు మాత్రలపై అడుగు పడి, తక్కిన మూటిపై సాగి, మరల వెనుకకు వచ్చును. ఆ ఒరుగే ఊపు. కవి దీనిని గాయకుని ఇష్టమునకు వదలలేదు, మాటలలోనే బిగించెను. రాగము సుంతయు తెలియనివాడు పుస్తకము చూచి పైకి చదివినను మాటలు తమంత తామే ఊగును. తరువాతి కాలమున నేనొక కచ్చేరీలో ఖండచాపు కృతి మొదటిసారి శ్రద్ధగా వినినపుడు ప్రక్కనున్న రసికులు వ్రేళ్లు లెక్కపెట్టుకొనుచుండిరి. నాకు లెక్క అక్కరలేకపోయెను. చేతిలో త్రాడు లేకున్నను చేయి దానంతట అది కదలెను.

మా ఇంట ఈ పాటను పాడిన వరుసను సంగీతజ్ఞులు నవరోజు రాగమందురు. పలుచోట్ల ఇదియే వాడుక. నవరోజు శంకరాభరణ జన్యము. కాని తల్లిరాగమువలె తారస్థాయికి ఎగబ్రాకదు. మంద్ర పంచమమునుండి మధ్య పంచమమువరకే దాని సంచారము. గొంతు చించుకొన పనిలేదు. పగలెల్ల పొయ్యి యొద్ద పొగ మ్రింగిన గొంతుకకు సైతము అందును. ప్రక్కగదిలో పండుకొన్న పెద్దలకు నిద్రాభంగము కాదు. ఇల్లాండ్రు శాస్త్రము చదివి ఈ రాగము నెన్నుకొనిరని కాదు. ఇంటి అవసరము ఎట్టి స్వరములను కోరునో అట్టివే నిలిచినవి. నాకు నేటికిని పెద్ద పెద్ద గాత్రములు మూడు స్థాయిలలో విహరించునపుడు ఆశ్చర్యము కలుగునే గాని, ఎనిమిది స్వరముల ఎడములో ఒదిగి పాడినప్పుడు కలుగు తృప్తి కలుగదు. ఇది లోపమనువారు లోపమే యనుకొనవచ్చును.

అయితే ఇచ్చట చరిత్రకారునికి ఒక చిక్కు. నవరోజు అను పేరు సంస్కృతమును కాదు, తెలుగును కాదు. పారసీకుల నూతన సంవత్సర దినమునకు గల పేరే అది. ఇట్టి పేరుగల రాగములో నేడు పాడు వరుసయే 15వ శతాబ్దమున తాళ్లపాక కవి నోట వెలువడినదని పట్టుబట్టుట సాహసము. వరుసలు ఊరూర మారును, ఇంటింట మారును. అత్తవారింటికి వచ్చిన కోడలు పుట్టింటి వరుసను కొంత తెచ్చును. మారని దొకటే, మాటలలో బిగించిన ఆ ఐదు మాత్రల నడక. దానిని చెడగొట్టినచో ఉయ్యాల ఊరకుండదు, వెంటనే తప్పు చూపును.

అన్నమయ్య బాల్యమును గూర్చి మనకు తెలిసినది చాలవరకు అతని మనుమడు చిన్నన్న, అనగా తాళ్లపాక చిన తిరువేంగళనాథుడు, ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము వలననే. అన్నమయ్య 1408లో, రాజంపేటకు సమీపమున నున్న తాళ్లపాకలో, నారాయణసూరికి లక్కమాంబకు జన్మించెను. ఆ పసివానికి వేంకటపతి ప్రసాదమని చెప్పి పెట్టిననే గాని నోటికి సయింపదట. వేంకటపతిమీద పాట పాడి జోకొట్టనిచో అలుగునట. తాతను గూర్చి మనుమడు వ్రాసినది గనుక భక్తిపాలు కొంత కలిసియుండవచ్చును. కాని ఉయ్యాల యొద్ద అలుగు బిడ్డను చూడనివాడు ఈ ముచ్చటను వ్రాయలేడు. తరువాత కొంత యెదిగిన పిమ్మట ఇంటివారు అతనిని పసులకు గడ్డి కోయుటకు పంపిరి. కొడవలి చిటికెనవ్రేలిని కోసినది. అంతలో తిరుపతి యాత్రికుల గుంపొకటి పాడుచు ఆడుచు ఆ దారిని పోవుచుండెను. బాలుడు గడ్డిమోపు వదలి, ఇల్లు వదలి, ఆ పాటవెంట పోయెను. పండిత కుటుంబమున పుట్టినవానిని కవిగా చేసినది ఇంటిలోని తాటాకు గ్రంథములే యని చెప్పుట కష్టము. మొదట జోల, పిమ్మట దారిన పోవువారి పాట, ఈ రెండే ఆ చరిత్రము మనకు చూపు గురువులు.

అందుచేతనే కాబోలు, అతడు పండితుల బాటను మాత్రమే పట్టలేదు. జనుల నోట పదములు అతనికి చాల ముందునుండియు నున్నవి. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, ప్రభాత పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలగువాని పేర్లు చెప్పినాడు. ఆ పదములలో ఒక్కటియు గ్రంథమునకెక్కలేదు, పేర్లే మిగిలినవి. అన్నమయ్య ఆ మట్లను ఎత్తుకొని దేవునిపై పాడెను. జోలలు, లాలులు, సువ్విపాటలు, చందమామను పిలుచు పాటలు, అన్నియు అతని చేతిలో సంకీర్తనములైనవి. అతని ఇల్లాలు తిమ్మక్క సుభద్రాకల్యాణమును మంజరీ ద్విపదలో రచించినది. అదియును ఆడువారు పాడుకొన దగిన కావ్యమే. ఆ ఇంటిలో సభకు వేరు పాట, వంటింటికి వేరు పాట అను గోడ లేకుండెను.

రాగిరేకుల కథ అందరు నెఱిగినదే గనుక పొడిగింపను. అన్నమయ్య పాడినవి 32,000 సంకీర్తనములని మనుమని చరిత్రము చెప్పుచున్నది. నేడు దొరకుచున్నవి 12,000కు పైబడినవి. అతడు 1424లో పాడనారంభించెనని, 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించెనని రేకులమీదనే చెక్కియున్నది. కుమారుడు పెద తిరుమలాచార్యుని కాలమున వానిని రాగిపై చెక్కించి, తిరుమల ఆలయములోని ఒక చిన్న రాతి అరలో భద్రపఱచిరి. తరువాతి తరములకు ఆ అరయందు ఆసక్తి సన్నగిల్లెను. 1816లో తన తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఏ. డి. క్యాంబెల్ అను దొర ఈ రేకులను గూర్చి విని, పరీక్షించుటకు ఒక మనిషిని పంపెను. అందులో వ్యాకరణగ్రంథ మొకటి దొరకగా దానికి ప్రతి వ్రాయించుకొనెను. తక్కినవన్నియు దేవుని స్తోత్రములే తప్ప మరేమియు లేదని వ్రాసి విడిచెను. వ్యాకరణము కోరినవానికి వ్యాకరణమే ప్రాప్తించినది, ఆయనను తప్పుపట్టనేల? మరి నూరేండ్లకు, 1922 ప్రాంతమున, దేవస్థానపు శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పూనికతో రేకులు వెలుగు చూచినవి. పిమ్మట పండితులు పరిష్కరించి సంపుటములుగా అచ్చువేయించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1949లో చిన్నన్న రచించిన చరిత్రమును విపులమైన పీఠికతో ప్రకటించిరి. జోలపాట చివరి చరణములోని పేరుగల మనిషి ఎవరో, అప్పటికి గాని తెలుగులోకమునకు చక్కగా తెలియలేదు.

రేకులలో మాటలున్నవి. ప్రతి పాటపైనను రాగము పేరున్నది. స్వరము లేదు. చాలవానికి తాళమును చెప్పలేదు. రాగము పేరు చాలదా యని అడుగవచ్చును. చాలదు. రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించినది 1550లో. వేంకటమఖి 72 మేళకర్తల పద్ధతిని ఏర్పఱచినది 17వ శతాబ్దమున. రెండును అన్నమయ్యకు తరువాతివి. నడుమ నెన్ని రాగములు స్వరములు మార్చుకొన్నవో, ఒక పేరు పెట్టుకొని మరియొక రూపము దాల్చినవో, శాస్త్రగ్రంథములు పోల్చి చూచినవారికి తెలియును. రేకుపై నున్న రాగనామము పాడుబడిన ఇంటి గుమ్మముపైని పేరువంటిది. లోపల ఎవరుండిరో తెలుపును గాని వారి గొంతు వినిపింపదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినివంటిది, సంజ్ఞలతో సహా స్వరములు చూపు గ్రంథము, అన్నమయ్య నాట ఒక్కటియున్నచో నేటి మన శ్రమలో సగము తగ్గియుండెడిది.

కాని తాళ్లపాకవారి పాట నాలుగువందల యేండ్లు పూర్తిగా మూగపోయినదని చెప్పుమాట నిజము కాదు. తిరుమలలో ప్రతిరాత్రి జరుగు ఏకాంతసేవలో, వెండిగొలుసులకు వ్రేలాడు పాన్పుపై స్వామిని పవళింపజేయునప్పుడు, తాళ్లపాక వంశమువారు లాలి పాడుట సంప్రదాయము. తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతియు అప్పుడే జరుగును. ధనుర్మాసమున ఆ పాన్పుపై శ్రీకృష్ణుని విగ్రహమును పవళింపజేయుదురు. అరలోని వేలకొలది రేకులు నిద్రించుచుండగా నిద్రపుచ్చు పాటయొక్కటి మేలుకొనియున్నది! క్రింద పల్లెలలో మా నాయనమ్మవంటివారు పాడినదియు జోలయే. గుడిలోనైనను ఇంటిలోనైనను రోజువారీ పనికి కట్టుబడిన పాట బ్రతికినది. పనిలేని పాట ఎంత గట్టి లోహముపై చెక్కినను మాటగానే మిగిలినది.

ఒకప్పుడు నేను ఒక సంగీత విద్వాంసునితో ఈ మాట చెప్పగా ఆయన చిరునవ్వు నవ్వి, జోలపాటలు బిడ్డలకు గాని సభకు పనికిరావు, వానిలో సంగీతమేమున్నది యనెను. ఆ విద్వాంసుడు నిత్యము పాడునవి త్యాగరాజస్వామి కృతులు. త్యాగరాజు 1767లో తిరువారూరున పుట్టినపుడు ఆయనకు మొదట పాట వినిపించినది తల్లి సీతమ్మ. ఆమె పురందరదాసు పదములను, భద్రాచల రామదాసు కీర్తనలను పాడుచుండెడిదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. పెద్దవాడైన పిమ్మట ప్రహ్లాదభక్తివిజయ ప్రారంభమున పురందరదాసునకు నమస్కరించినాడు. రామదాసును తన కీర్తనలలో పేరుపెట్టి తలచినాడు. గోదావరి తీరపు తహశీలుదారు, గోలకొండ తానీషా చెరలో కుమిలినవాడు, పాడిన పాట కావేరీతీరమున ఒక తెలుగు తల్లి నోట ఎట్లు చేరెనో ఊహింపుడు. పుస్తకము చేర్చలేదు, భజనలు చేసికొనుచు ఊరూర తిరిగినవారు చేర్చిరి. అదే త్యాగరాజు పంచరత్నములు రచించిన చేతితోనే రామునకు రీతిగౌళలో జోల పాడెను, నీలాంబరిలో ఉయ్యాలపాట కట్టెను. ఉత్సవ సంప్రదాయ కీర్తనలని వానికి పేరు. ఘనరాగములలో తానమువలె స్వరములు పేర్చగల మహానుభావుడు జోల దగ్గర నడకను ఎట్లు తగ్గించినాడో, పల్లవిని ఎంత చిన్నది చేసినాడో గమనింపుడు. సభకు పనికిరాదన్న మాటకు ఇదియే సమాధానము. నేను ఆ విద్వాంసునితో వాదింపలేదు.

ఇక రేకులలోని పాటలకు మరల గొంతు వచ్చిన విధము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరున అధ్యాపకత్వము ముగించుకొని తిరుపతికి వచ్చి, వందకు పైగా పాటలకు వరుసలు కట్టి స్వరపఱచిరి. ఆయన సంస్కృత ప్రాకృతములు నెఱిగిన పండితుడు, స్వయముగా గాయకుడు; తెలుగు పద్యము ఎచ్చట విఱుగునో ఎచ్చట విఱుగరాదో తెలిసినవాడు. అందుచే ఆయన వరుసలలో మాట నలగదు. తరువాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, దేవస్థానము 1978లో నెలకొల్పిన అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలగువారు వందలకొలది పాటలకు ప్రాణము పోసిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు 1980 ప్రాంతమున పాడిన పళ్లెములు వానిని దేశమంతట చేర్చినవి. శ్రీరంగం గోపాలరత్నముగారి గొంతున రేడియోలో విన్నవారు ఆ మాధుర్యమును ఇప్పటికిని తలచుకొందురు.

ఇచ్చట నాకొక బాధ యున్నది. ‘నానాటి బదుకు’ అను పాటను వినని తెలుగువాడు నేడు లేడనవచ్చును. దానిని రేవతి రాగమున విని కన్నీరు పెట్టుకొనువారు, ఆహా అన్నమయ్య ఎంత చక్కని వరుస కట్టినాడని మెచ్చుకొందురు. రాగిరేకుపై ఆ పాటకున్న రాగము ముఖారి. మనము వినుచున్న రేవతి వరుస నేదునూరివారిది. మన కాలమునందే, మన కన్నుల ఎదుటనే ఒక గొప్ప స్వరకర్త పేరు పాటలో కలిసిపోయి మాయమగుచున్నది. జోలపాటలో కవి పేరు వినబడకపోయినది బిడ్డ నిద్రపోయినందున. ఇచ్చట శ్రోత మేలుకొనియుండియే అడుగుట లేదు. పాట పాడువారు రచన అన్నమయ్యదని, వరుస ఫలానివారిదని ఒక్క మాట చెప్పినచో ఎవరి గౌరవము తగ్గును? అన్నమయ్య వరుస ఇదియేయని నమ్మించుట అతనికి గౌరవము కాదు, కట్టినవారికి అన్యాయము.

రెండవ బాధ నడకను గూర్చినది. రేకులలో తాళము చెప్పకున్నను నడక పోలేదు. మాత్రలు లెక్కించినచో ప్రతి పాటయు తాను మూటిపై నడచునో, నాలుగింటిపైనో, ఐదింటిపైనో, ఏడింటిపైనో చెప్పును. కొందరు ఇటీవలి స్వరకర్తలు ముందు రాగము నెన్నుకొని, దానికి పేరు తెచ్చిన సంచారములను పఱచి, అందులో మాటలను కూరుదురు. అప్పుడు ఒక పదము నడిమికి విఱిగి సగము ఈ ఆవర్తనమున, సగము మరియొక ఆవర్తనమున పడును. తెలియనివారికి అది గమకసంపదగా తోచును. ఉయ్యాల త్రాడు లాగినవానికి మాత్రము ఎవరో త్రాడు అడ్డముగా పట్టుకొన్నట్లుండును. ఈ దోషము గ్రామఫోను దినములలో మరియొక రూపమున ఉండెడిది. పళ్లెము ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము ఎక్కువ మాత్రమే మ్రోగును గనుక, పాట తుదివరకు రావలెనని గాయకులు పరుగెత్తుచుండిరి. నేడు కాలమునకు కొరత లేదు. పరుగు అలవాటై నిలిచినది.

మన జానపద గేయములను సేకరించిన మహనీయుల శ్రమయు ఈ సందర్భమున తలపవలసినది. టేకుమళ్ల కామేశ్వరరావుగారు, నేదునూరి గంగాధరముగారు పల్లెపల్లెకు తిరిగి పాటలు వ్రాసికొని అచ్చువేసిరి. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయసాహిత్యముపై పరిశోధనము చేసి ఆ విద్యకు విశ్వవిద్యాలయములలో పీఠము సంపాదించిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1958లో ఆంధ్ర వాగ్గేయకార చరిత్రమును వెలువరించిరి. వీరు లేనిచో ఎన్నియో పాటలు నామమాత్రముగ కూడ మిగులకుండెడివి. అయినను చాలవరకు అచ్చులో నిలిచినవి మాటలే. తాళ్లపాకవారు రాగిపై చేసిన పనినే మనము కాగితముపై మరల చేసితిమి. గొంతును పట్టియుంచుట రేడియోవలన, ధ్వనిముద్రణమువలన కొంత జరిగినది. కాని వానిలో చేరినవారు ఎక్కువగా సభాగాయకులు. నట్టింటి ఉయ్యాల యొద్ద పాడిన ముసలివారి గొంతులు చేరినవి బహు స్వల్పము.

ఇప్పుడు తల్లులు చేతిలోని ఫోనులో జోల మ్రోగించి ఉయ్యాల ప్రక్కన పెట్టుదురు. నేను వారిని ఆక్షేపింపను. పగలంతయు పనిచేసి వచ్చినవారికి గొంతు ఉండవద్దా? అయితే ఒకటి గమనించితిని. ఫోనులోని పాట తన వేగమున తాను పోవును, ఉయ్యాల తన త్రాటి పొడవును బట్టి ఊగును, రెండును కలియవు. బిడ్డ నిద్రపోవుటకు ఎక్కువసేపు పట్టును. కొందరు తల్లులు విసిగి ఫోను ఆపి, తామే ఏదియో కూనిరాగము తీయుదురు. ఆ కూనిరాగము వెంటనే త్రాటికి సరిపడును. అందులో మాటలుండవు, జో జో అను శబ్దమే యుండును; నడక మాత్రము అదే ఐదు మాత్రలు.

రేకులలోని పాటలలో ఇంకను వరుస కట్టనివి వేలకొలది గలవు. దేవస్థానము వారు ఏటేట కొన్నింటికి కట్టించి వినిపించుచున్నారు. వానిలో జోలలు, లాలులు, సువ్వులు వచ్చినప్పుడు కట్టువారు హార్మోనియము ముందునకు పోకమునుపు, ఎవరైన ముసలామెను కూర్చుండబెట్టి, స్వరము లేకుండ ఆ మాటలను ఒకమారు పైకి చదివింపుడని నా మనవి. ఆమె ఎచ్చట ఊపిరి తీయునో చూచి వ్రాసికొనిన చాలును. మా నాయనమ్మ ప్రతి రెండు ఊపుల కొకసారి తీసెడిది.